చిల్లర మావయ్య చూసిన నాణెం

చిల్లర మావయ్య కథ ఎత్తుకున్నాడంటే టీ కొట్టు అక్క పాలు పొయ్యి మీద పెట్టేస్తుంది. గడియారం చూసుకునే పని లేదు. ఆయన బస్సులో నాణెం కింద పడే చోటికి వచ్చేసరికి పాలు వేడెక్కుతాయి, మ్యూజియం కారు వచ్చేసరికి పొంగుతాయి, వినేవాళ్ళు నోరు వెళ్ళబెట్టేసరికి టీ గ్లాసుల్లో పడుతుంది. ఆరేళ్ళుగా ఇదే వరస. కథ అదే, వినేవాళ్ళు మారతారు, అక్క చెవులు మాత్రం మారవు. అవి ఎప్పుడో అలిసిపోయాయి.

ఆయన ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. భుజాన చిల్లర సంచీ లేకపోయినా ఎడమ భుజం ఇప్పటికీ కిందికి వాలే ఉంటుంది. డిపో గేటుకి ఎదురుగా ఉన్న ఈ కొట్టులో బల్ల చివర ఆయన చోటు. అక్కడ ఇంకెవరన్నా కూర్చుంటే వచ్చి ఊరికే నిలబడతాడు, కూర్చున్నవాడే లేచి జరుగుతాడు.

మధ్యాహ్నం మూడు దాటింది. అక్క తొట్టి ముందు కూర్చుని స్టీలు గ్లాసులు ఇనప పీచుతో తోముతోంది. పొద్దున్నుంచి రెండొందల పైచిలుకు గ్లాసులు. మణికట్టులో మొదలైన నొప్పి మోచేతిదాకా పాకింది. బల్ల మీద మావయ్య, పక్క కొట్టులో పంక్చర్లు వేసే బావ, ఇద్దరే ఉన్నారు. అప్పుడు వెనక సందులో ఒంటి మిషను పెట్టుకుని బట్టలు కుట్టే టైలరు రొప్పుకుంటూ వచ్చాడు.

"మావయ్యా, నువ్వే చెప్పాలి" అంటూ జేబులోంచి చిన్న అట్ట తీశాడు. అట్ట మధ్యలో గుండ్రటి కిటికీ, కిటికీలో పల్చటి ప్లాస్టిక్కు కింద ఒక వెండి నాణెం. "నాణేల కొట్టాయన ఇది అచ్చు కొత్తదంటున్నాడు. ముద్ర వేశాక ఎవరి చేతిలోనూ పడలేదట. ఓవర్‌లాక్ మిషను, అదే గుడ్డ అంచులు కుట్టేది, కొందామని దాచిందంతా పోసి తెచ్చా. నాలుగులోపు వెనక్కి తెస్తే డబ్బు ఇచ్చేస్తాడట, నాలుగు దాటితే ఇంక నాదే. పైఊళ్ళో ఒకాయన, నిజంగా కొత్తదైతే దీనికి రెట్టింపు ఇస్తానన్నాడు. కాస్త అరిగినా, ఎవరన్నా కెలికి పాడుచేసినా, పెట్టినదాంట్లో పావు వంతు కూడా రాదు. ఉంచుకోనా, ఇచ్చెయ్యనా?"

మావయ్య అట్ట అందుకుని, బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి వేశాడు. "ముందు నా సంగతి విను. అప్పుడు నాణెం సంగతి నీకే తెలుస్తుంది" అన్నాడు.

అక్క లేచి పాలు పెట్టింది.

"సర్వీసులో చేరిన రెండో ఏడు. బస్సు కిటకిట, కాలు పెట్టే సందు లేదు. ఒక ముసలాయన టిక్కెట్టుకని ఓ నాణెం ఇచ్చాడు. వేలికి తగలగానే ఆగిపోయా. తాతా, ఇది పాతకాలంది, బోలెడు పలుకుతుంది, జేబులో పెట్టుకో అని చెప్పి, నా డబ్బుతో టిక్కెట్టు కొట్టా. ఇందులో గొప్పేం లేదు, ఏ కండక్టరైనా చేస్తాడు. కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది మావా?" అన్నాడు బావ. ఆయనకి తెలుసు. అయినా అడగడం ఆయన వంతు.

"ఆ రోజుతో నా వేళ్ళకి ప్రాణం వచ్చింది. వేళ్ళకే కాదు, చెవులకి కూడా! నేను డ్రైవరు పక్కన నిలబడి ఉంటా, ఎక్కడో వెనక సీటు కింద ఎవరిదో నాణెం టింగుమని పడుతుంది. అక్కణ్ణించే చెప్పేవాణ్ణి, అమ్మా, నీది ఫలానా సంవత్సరం నాణెం, అంచు మీద ఒక నొక్కుంది, పోయి ఎడం చక్రం దగ్గర ఆగింది, తీసుకో అని. ఆవిడ వంగి తీసి చూస్తే నొక్కు!"

"అంత ఇంజను చప్పుడులో వినపడేదా?" అన్నాడు టైలరు.

"ఇంజను ఆపించేవాణ్ణి."

"పడ్డాక ఆపిస్తే ఏం లాభం?"

"పడకముందే ఆపించేవాణ్ణిరా" అన్నాడు మావయ్య, తడుముకోకుండా.

బావ తొడ మీద చరుచుకుని నవ్వాడు. టైలరు నవ్వలేదు, అరచేతి కిందున్న అట్ట వంకే చూస్తున్నాడు.

"అరుగుదల చూడ్డం అందరికీ వచ్చు. బొమ్మలో ఎత్తుగా ఉండేవి ముందు పోతాయి, ముక్కు, బుగ్గ, చెవి మీద జుట్టు. కొట్టువాడు భూతద్దం పెట్టి కాస్త అరిగింది, బాగా అరిగింది అంటాడు. అదీ ఓ చూడ్డమేనా? నేను బుగ్గ మీద వేలు పెట్టి చెప్పేవాణ్ణి, ఇది మూడొందల పద్దెనిమిది చేతులు మారింది, అందులో నూటపన్నెండోవాడిది ఎడమచేతి వాటం, ఆఖరున ఇచ్చినావిడ పిండి పిసుకుతూ మధ్యలో లేచొచ్చింది అని. అదిగో, ఆ మాట మ్యూజియం దాకా పోయింది. వాళ్ళ కారు రోజూ నా బస్సు వెనకాలే. కళ్ళకి గంతలు కట్టి వంద నాణేలు ఒకటొకటే చేతిలో పెట్టారు. తొంభై తొమ్మిది సరిగ్గా చెప్పా."

"వందోది?"

"వందోది నేనొకటి చెప్పా, వాళ్ళ పుస్తకంలో ఇంకొకటుంది. పుస్తకం దిద్దుకున్నారు."

పాలు పొంగాయి. ఎప్పుడూ కథ ఇక్కడ ఆగుతుంది. అక్క గ్లాసులు వరసగా పెట్టింది. కానీ ఇవాళ ఎదురుగా ఒక మనిషి నిజం నాణెం పట్టుకొచ్చి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అలాంటివాడు దొరికితే మావయ్య ఆగుతాడా? దించిన పాలగిన్నె చేత్తో పట్టుకుని అక్క నిట్టూర్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాణేలు ముద్రించే కార్ఖానా నుంచి కబురు. అయ్యా, మీరు వచ్చి చూస్తేగాని మిషను తిప్పం అని. డ్యూటీ వదిలి ఎలా వెళ్ళను? యాభై మంది ప్రయాణికులతో బస్సు బస్సంతా కార్ఖానా లోపలికి పోనిచ్చా. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి రైట్ రైట్ అంటే మిషను కదిలేది, హోల్డాన్ అంటే ఆగేది. పొగలు కక్కుతున్న నాణేలు నా ముందు పోసేవాళ్ళు. వద్దన్నవి అక్కడికక్కడే కరిగించేశారు. నేను బుగ్గలు పరీక్ష చేస్తానని తెలిసి, నాణెం మీదున్న రాజుగారు గడ్డం పైకెత్తుకున్నాడు. కావాలంటే చూసుకోండి, ఇప్పటికీ ఎత్తుకునే ఉంటాడు!"

"మరి నా నాణెం?" అన్నాడు టైలరు.

మావయ్య అరచెయ్యి తీశాడు. అట్ట ఎత్తి, కళ్ళకి బారెడు దూరంలో పెట్టి, చిటికెలో దించేశాడు. "అచ్చు కొత్తది. ఒక్క చెయ్యి పడలేదు. ఆ మెరుపు చూడు, నిన్న ముద్రించినట్టుంది. పదికి పది. ఉంచుకో!"

టైలరు మొహం వెలిగిపోయింది. పొద్దున్నుంచి బిగుసుకున్న భుజాలు జారిపోయి బల్లకి చేరగిలబడ్డాడు. "అక్కా, అందరికీ టీలు! నా లెక్కలో" అన్నాడు.

మూడూ ముప్పై అయిదు.

అక్క టీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. అట్ట పక్కనే, ఎండలో ఉంది. గ్లాసు పెట్టడానికి చోటు చాలక దాన్ని అంచు పట్టుకుని కాస్త జరిపింది. జరిపేటప్పుడు నాణెం మీద వెలుగు పడింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ మెరుపు ఆమెకి తెలుసు. రోజుకి రెండొందలసార్లు ఆమె తన చేతులతో పుట్టించే మెరుపు అది.

మనకెందుకు అనుకుంది. మావయ్య కథకి పూటకి పది టీలు లేస్తాయి, ఆయన అలిగి ఎదురు కొట్టుకి పోతే ఆ పదీ అక్కడికే పోతాయి. పైగా ఓపిక లేదు. మాట్లాడితే వాదించాలి, వాదించాలంటే నిలబడాలి, నిలబడితే మోకాళ్ళు లాగుతాయి. తొట్టి దగ్గరికి వెళ్ళిపోయి ఒక గ్లాసు చేతిలోకి తీసుకుంది. తల మీద పందిరి పట్టా ఎండని ఆపుతోంది. కిందటి వానల్లో గాలికి చిరిగితే, ఈ టైలరే నిచ్చెనెక్కి, జంట కుట్టు వేసి, డబ్బులడగకుండా పోయాడు. ఆ కుట్టు ఇంకా చెక్కుచెదరలేదు.

టైలరు కొత్త మిషను ఎక్కడ పెట్టాలో బావకి చెబుతున్నాడు. కిటికీ పక్కన పెడితే వెలుతురు బాగుంటుందట.

"దాన్ని తోమారు" అంది అక్క.

ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి చెప్పాల్సి వచ్చినందుకు ఆమెకి ఒళ్ళు మండింది. "తమ్ముడూ, నిన్నే! ఆ నాణేన్ని ఎవరో కొత్తదానిలా కనపడాలని తోమారు. లేచి డబ్బు తెచ్చుకో."

మావయ్య టీ గుటక మధ్యలో ఆపాడు. "అమ్మాయ్, నువ్వు టీ సంగతి చూడు. మ్యూజియం వాళ్ళే..."

"మ్యూజియం సంగతి నాకు తెలీదు మావయ్యా. తోమడం తెలుసు."

మేకుకి వేలాడుతున్న సంచీలోంచి ఇవాళ పొద్దున కొన్న కొత్త గ్లాసు ఒకటి తీసింది. రెండో చేత్తో ఇప్పుడే తోమిన గ్లాసు. రెండూ టైలరు ముందు ఎండలో పట్టుకుంది.

"రెండూ మెరుస్తున్నాయి కదా? ఇప్పుడు తిప్పుతా చూడు. కొత్తదాంట్లో వెలుగు చుట్టూ తిరుగుతుంది. నేను తోమినదాంట్లో వెలుగు కదలదు, మొత్తం ఒకేలా తెల్లగా ఉంటుంది. దగ్గరికి చూడు, సన్నటి గీతలు, అన్నీ నా చెయ్యి పోయిన వైపే. ఇప్పుడు నీ నాణెం తిప్పు."

టైలరు తిప్పాడు. వెలుగు కదల్లేదు. రాజుగారి బుగ్గ మీదుగా, జుట్టు మీదుగా, పక్కనున్న ఖాళీలో కూడా, వెంట్రుకవాసి గీతలు ఒకేవైపు పోతున్నాయి.

"అక్షరాల మూలల్లో చూడు, తెల్లగా ఏదో ఇరుక్కుంది" అంది అక్క. "గ్లాసు అంచు మడతలో నాకు సబ్బుపొడి ఇలాగే ఉండిపోతుంది. ఎంత కడిగినా పోదు."

మూడూ నలభై నాలుగు.

"బావా, బండి తియ్" అన్నాడు టైలరు. తాగని టీలు అలాగే వదిలేసి ఇద్దరూ పరుగెత్తారు. బండి డిపో మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

మావయ్య మిగిలాడు. అలుగుతాడని అక్క ఎదురుచూసింది. ఆయన లేవలేదు. చెయ్యి చాపి రెండు గ్లాసులూ అడిగి తీసుకుని, ఎండలో పెట్టి తిప్పాడు. కొత్తది తిప్పాడు, తోమినది తిప్పాడు, మళ్ళీ కొత్తది. బారెడు దూరంలో కాదు, ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ముప్పై రెండేళ్ళమ్మాయ్" అన్నాడు చివరికి. "ఎన్ని లక్షల నాణేలు పోయుంటాయో ఈ చేతుల్లోంచి. దిగేవాళ్ళు దిగుతుంటే, ఎక్కేవాళ్ళు ఎక్కుతుంటే, లెక్కపెట్టి సంచీలో వెయ్యడమే. ఒక్కదాన్ని కూడా చూళ్ళేదు."

అక్కకి జాలేసింది. ఆయన చల్లారిన టీ పారబోసి, వేడిది పోసి, ముందు పెట్టింది.

నాలుగుంబావుకి బండి తిరిగొచ్చింది. టైలరు దిగుతూనే చొక్కా జేబు తట్టి చూపించాడు. జేబు ఉబ్బెత్తుగా ఉంది. అక్క తల ఊపి మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళింది. ఇంకా నలభై గ్లాసులున్నాయి.

బావ మాత్రం ఆగలేకపోతున్నాడు. "మావా, మేం వెళ్ళేసరికి ఆ కొట్టువాడు షట్టరు సగం దించేశాడు! వీడు నాణెం ఎండలో పెట్టి తిప్పాడో లేదో, వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

చిల్లర మావయ్య బల్ల చివర నుంచి కాస్త పక్కకి జరిగి, తన చోటులో బావకి చోటిచ్చాడు.

"ఏమైందిరా?" అన్నాడు.