దూహో వాళ్ళమ్మకి చెప్పాల్సిన మాట

ఆ డబ్బాకి మూత పెట్టకండమ్మా. నాకు కిమ్చీ పచ్చడి వద్దు. పోయినేడు పట్టుకెళ్ళిందే ఇంకా ఫ్రిజ్‌లో అలాగే ఉంది. చలికాలం రాగానే నాకు, ఈ తాక్ ఇల్బోంగ్‌కి, డబ్బా కట్టడం ఏమిటి మీరు? నేనేమన్నా మీ ఇంటి అల్లుణ్ణా?

కూర్చోండి ముందు. బేరాలు తర్వాత చూసుకోవచ్చు, ఈ వానలో సంతకి ఎవరొస్తారు గనక.

గోడకి అంటించింది ఏమిటది? సియోల్ పేపరువాడు నా గురించి రాసిందేనా? 'పట్టు వదలని డిటెక్టివ్' అట. నేనయితే సగం చదివి మడిచేశాను. మీరు వాడితో అన్నారట గదా, 'పాపం ఆయనేం చేస్తాడు, పైవాళ్ళు చెప్పినట్టు వినాలి, అయినా నా కొడుకు కోసం పదకొండేళ్ళు తిరిగాడు' అని. నన్ను తిట్టి పోసి రాసినా ఇంత బాధ పడేవాణ్ణి కాదు.

తిరిగాను, నిజమే. దూహో జైలుకెళ్ళిన తొమ్మిదో ఏడు న్యుమోనియాతో పోయాడని తెలిశాక పోలీసు ఉద్యోగం మానేసి తిరిగాను. మిషను కుట్టుకు బతికే ఆ ఒక్జాని నిజంగా చంపినవాడు ఎక్కడో హాయిగా అన్నం తింటున్నాడని నాకు తెలుసు. వాళ్ళ వీధికి గ్యాస్ బండలు వేసే మనిషి, హత్య జరిగిన మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. అప్పుడు ఎవరమూ ఆరా తియ్యలేదు. మాకు మీవాడు దొరికాడు గదా, ఇంకెందుకు?

చివరికి వాణ్ణి తూర్పు తీరంలో దొరకబుచ్చుకున్నాను. మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని, ఎండేసిన చేపలకి కాపలా కూర్చున్నాడు. ఒక్జా ఇంట్లో పగిలిన కిటికీ గాజు మీది రక్తం వాడిదేనని పరీక్షలోనూ తేలింది. అయినా 'కేసు పెట్టే గడువు తీరిపోయింది గదండీ, ఇప్పుడు నన్నేం చేస్తారు' అన్నాడు. టీ తాగుతారా అని కూడా అడిగాడు. ఏం చెయ్యను? లేచి వచ్చేశాను.

సరే, రేపు కోర్టులో దూహో కేసు మళ్ళీ విచారణకి వస్తుంది. నిర్దోషి అంటారు. ఆ కాగితం మీరు వాడి సమాధి దగ్గరికి తీసుకెళ్ళి చదువుకుంటారు. మీ వకీలు నన్ను సాక్షిగా పిలిచి అన్నాడు, 'మూడు రోజులు నిద్రపోనివ్వలేదు, కొట్టి ఒప్పుకోలు రాయించాం అని, అంతవరకు చెప్పండి చాలు' అని. అంతవరకు చెప్తే మీవాడి పేరూ నిలబడుతుందట, నా పరువూ కొంత నిలబడుతుందట.

అంతవరకే కాదమ్మా ఉన్నది. రేపు అంతమంది మధ్య, నా నోట మొదటిసారి వినడం కంటే ఇక్కడ వినండి. ఇది వకీలుకి తెలీదు. మా ఆవిడకీ తెలీదు.

ఎలా చంపావో చేసి చూపించమని మీవాణ్ణి ఒక్జా ఇంటికి తీసుకెళ్ళాం, గుర్తుందా? గుర్తుండకేం. గోడవతల నిలబడి 'దూహో, దూహో' అని పిలుస్తూనే ఉన్నారు మీరు. అప్పట్లో అది మా పద్ధతి. ఊరంతా చూస్తుండగా చేసి చూపించాలి, ఫొటోలు తియ్యాలి, కేసు మూసెయ్యాలి.

ముందు రోజంతా నేనే నేర్పాను. మీవాడు కుట్టు మిషన్లు బాగుచేసుకునే మనిషి, మాట నెమ్మది, ఏది చెప్పినా తలూపేవాడు. ఏ తలుపులోంచి వెళ్ళాలి, కత్తి ఏ చేత్తో పట్టుకోవాలి, ఏ కిటికీ పగలగొట్టుకుని పారిపోవాలి, అన్నీ చిన్నపిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పాను.

హత్య జరిగిన రోజు ఆ ఇంట్లో నేలంతా బురద బూట్ల అచ్చులమ్మా. పరుపు మీద కూడా. చంపినవాడు బూట్లతోనే లోపలికి నడిచాడు. ఆ ఒక్కటీ మీవాడికి చెప్పడం మరిచిపోయాను. ఎవరికి తోస్తుంది చెప్పండి, ఇంట్లోకి బూట్లతో వెళ్ళమని నేర్పడం?

మీవాడు చేతులకి తాడుతో వాకిట్లోకి వచ్చాడు. మెట్టురాయి దగ్గర ఆగాడు. వంగి, ఆ కట్టేసిన చేతులతోనే ఒక బూటు విప్పాడు. రెండోదీ విప్పాడు. రెండూ జతగా చేర్చి, మొన బయటివైపు ఉండేలా తిప్పి పెట్టాడు. అప్పుడు అరుగెక్కాడు, ఎవరింట్లోనో మిషను చూడ్డానికి వచ్చినవాడిలా.

నాకు తెలిసిపోయిందమ్మా. వీడు ఈ గుమ్మం బూట్లతో ఎన్నడూ దాటలేదని అక్కడికక్కడే తెలిసిపోయింది. ఫొటోలు తీసేవాడు కూడా చెయ్యి ఆపి నా వంక చూశాడు. నేను ఒక్క మాట 'ఆపండి' అనుంటే, మీవాడు సాయంత్రానికి మీ ఇంట్లో ఉండేవాడు.

అనలేదు. మీరు చెప్పిన ఆ పైవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరమ్మా. నేనే ఉన్నాను. ప్రమోషన్ ఖాయమని మా ఆవిడతో అప్పటికే చెప్పేసుకున్నాను, అంతే. వీపు మీద ఒక్కటి చరిచి, 'బూట్లేసుకోరా వెధవా, మళ్ళీ మొదట్నుంచి' అన్నాను. ముందు తీసిన, బూట్లు విప్పుతున్న ఫొటో ప్రింటు రాగానే చించి పారేశాను.

పదకొండేళ్ళు ఎందుకు తిరిగారని పేపరువాడు అడిగాడు. మనస్సాక్షి అని వాడే రాసేసుకున్నాడు. మనస్సాక్షీ లేదు, గాడిదగుడ్డూ లేదు. అసలువాడు దొరికితే, ఆ రోజు నాకేమీ తెలీదని నన్ను నేను నమ్మించుకోవచ్చనుకున్నాను.

 కొట్టండి, తిట్టండి. అలా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడకండి.

నేను చరిచినప్పుడు వాడేమన్నాడో తెలుసా? ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. కంగారుపడిపోయి, 'తప్పయిపోయిందండీ' అన్నాడు. నాతో. అని మళ్ళీ వంగి బూట్లు వేసుకున్నాడు.

ఆ మాట మీతో అనాలనే పొద్దున్నే బస్సెక్కాను. దూహోకి అడక్కుండానే వచ్చిన మాట అది. ఆ రోజు నుంచి ఇరవై ఒక్క ఏళ్ళు గడిచినా నాకు ఇంకా నోరు పెగలట్లేదమ్మా.