మేకు లేని కుర్చీ

సభాధ్యక్షులు, మా చేతిపనుల బడి డైరెక్టరు హోలిస్ విట్లాక్ గారికి, ముందు వరసలోని పెద్దలకి, వంటల బల్ల వైపే చూస్తున్న వెనక వరస మిత్రులకి నమస్కారం. (నవ్వులు)

ఊగుడు కుర్చీలు చెయ్యడం నేర్పుతూ ఇక్కడే ముసలిదాన్నయ్యానని చాలా మంచిగా చెప్పారు, సంతోషం. కానీ సన్మానంగా ఇచ్చిన ఈ కుర్చీలో నేనెందుకు కూర్చోలేదో మర్యాదకి ఎవరూ అడగలేదు గనక నేనే చెబుతాను. విట్లాక్ గారూ, ఇది ఊగుతోంది, ఊగాల్సిన చోట మాత్రం కాదు. (నవ్వులు) నవ్వకండి, నాకు ఒళ్లు మండుతోంది.

మన కెంటకీ కొండల్లో కుర్చీ కాళ్లు పచ్చి కొయ్యతో చేస్తాం, అడ్డకర్రల్ని పొయ్యి పక్కన పెట్టి బాగా ఎండబెడతాం. ఎండిన కర్రని పచ్చి కాలి బెజ్జంలోకి దిగగొడితే, ఆ కాలు తర్వాత మెల్లిగా ఎండుతూ, బిగుసుకుంటూ, కర్రని ఇక వదలదు. మేకూ అక్కర్లేదు, జిగురూ అక్కర్లేదు. మా అమ్మమ్మ చేసిన కుర్చీలో ఇప్పుడు నా మనవరాలు ఊగుతోంది.

కర్ర ఎండేదాకా ఎవరాగుతారు, శని, ఆదివారాల్లో కుర్చీ అయిపోవాలి అని కమిటీవారు రెండు రోజుల తరగతి ఒకటి పెట్టి మేకులు తెప్పించారు. ఈ కుర్చీకి కొట్టినవీ ఆ మేకులే. అదేమిటని నేనడిగితే, "డెల్ఫియమ్మా, నాలుగు మేకులు కొడితే కొంప మునుగుతుందా?" అన్నారు విట్లాక్ గారు. కొంప మునగదండీ, కూర్చున్న ముసలమ్మ నడుం విరుగుతుంది.

పైగా ఆ తరగతికి నా పేరు పెట్టి, బయట బోర్డు కూడా కొట్టించారు. దాన్ని గౌరవం అంటారా? నేను బతికుండగానే నా పేరు మీద నకిలీ సరుకు నేర్పడం అంటారు.

ఒరే రాన్సమ్, రేపట్నుంచి నా చోట నేర్పేది నువ్వే, తల దించుకోకు. మేకులకి సరేనన్నావట. పిల్లలు గలవాడివి, ఉద్యోగం పోతుందని భయపడ్డావు, నాకు తెలుసు. తెలిసినా కడుపు మండుతోందిరా.

(రాన్సమ్ లేచి నిలబడ్డాడు.)

ఏమిట్రా? గట్టిగా చెప్పు, వెనకవాళ్లకీ వినబడాలి.

"కొట్టను పిన్నీ. నేను మేకులు కొట్టను."

(చప్పట్లు)

విన్నారుగా విట్లాక్ గారూ, అయితే బోర్డు ఉండనివ్వండి. ఈ మాటన్నందుకు వీణ్ణి పన్లోంచి తీసేశారో, ఆ బోర్డు నేనే వచ్చి ఊడబీకుతాను. దానికి కొట్టింది మేకులే గనక పెద్ద కష్టపడక్కర్లేదు.

నా కోపాన్ని ఇంతసేపు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.