గోడ అవతలి మిషన్

అది కాదు మేడం, మీరైనా ఆ ప్రొఫెసరు గారికి చెప్పి చూడండి. నెలరోజుల్లో ఆరుసార్లు వచ్చారు పిల్లల హోముకి. వచ్చినప్పుడల్లా అదే గోల, పుట్టుకా, పెంపకమా? పిల్ల ముందు గిన్నె నేల మీద పెట్టడం, ఎలా తింటుందో రాసుకోవడం. నేల మీద పెడితే ఆయన మాత్రం వంగకుండా తింటారా!

"కుక్కలు పెంచిన పిల్ల" అని పేపర్లో వేశారు. కుక్కలెక్కడ పెంచాయండీ? పెంచింది మా పక్కింటాయన. కుక్కపిల్లల్ని అమ్ముకునేవాడు. కూతురు పోయాక మనవరాల్ని తెచ్చి కుక్కల గదిలో పడేశాడు. ఆయన ఆసుపత్రి పాలైతేగానీ ఆ తలుపు తీసినవాళ్లు లేరు. ఐదేళ్ల పిల్ల, మూడు కుక్కలు. చలికి దాన్ని మధ్యలో వేసుకుని పడుకున్నాయట. కుక్కలు కాబట్టి.

ఆఁ, అర్జీ పెట్టింది నేనే. పిల్లని నాకిస్తారో, ప్రొఫెసరు గారి సంస్థకిస్తారో, మీ సంతకం చేతిలో ఉంది. తెలుసు. నలభై తొమ్మిదేళ్లు, ఒంటరిదాన్ని, దర్జీ పని. డిగ్రీ ఉంది. దేనికీ పనికిరాలేదు, అదీ రాసుకోండి.

మా వదిన ఏమందో తెలుసా? "కుక్క తోక వంకర నువ్వు తీస్తావా?" అంది. తన కొడుకు మధ్యాహ్నమైతేగానీ మంచం దిగడు. వాణ్ణి ఏ జంతువు పెంచిందని నేనడిగానా?

సరే, అసలు సంగతికొస్తాను. ఆ పిల్ల గొంతులో గుర్రుమని ఒక శబ్దం చేస్తుంది కదా. గుంపుని హెచ్చరించే అరుపని ప్రొఫెసరు గారు రాశారు. రికార్డు చేసి నాకూ వినిపించారు.

మళ్లీ వేయమని అడిగి విన్నాను మేడం.

చిన్న శబ్దాలు రెండు. కాస్త ఆగి, ఊపిరి అందినంతసేపు ఒకటే పొడుగు. చివర నాలుకతో టక్కుమని. ఏ కుక్క అలా అరుస్తుందండీ? ముందుకి రెండు కుట్లు, వెనక్కి రెండు, ముడి పడ్డాక ఒకటే పరుగు, ఆఖర్న కత్తెర. అది నా మిషన్ మేడం! ఇరవై ఆరేళ్లుగా స్కూలు చొక్కాల కాలర్లు అలాగే కుడుతున్నాను. నాలుగేళ్లు ఆ పిల్ల గోడ అవతల కూర్చుని విన్నది. దానితో మాట్లాడినట్టున్నది ఆ మిషనొక్కటే కాబోలు. ఆ మాటే నేర్చుకుంది.

అలా జాలిగా చూడకండి. ఇంకా అయిపోలేదు.

నేను మిషన్ ఆపితే అట్నుంచి అదే శబ్దం వచ్చేది. కుక్కే అనుకున్నాను. అనుకున్నానంటే... ఒకరోజు దారం తెగి నన్ను నేనే తిట్టుకుంటుంటే, గోడ అవతల ఎవరో కిలకిలా నవ్వారు. కుక్కలు నవ్వవు. ఆ మాత్రం తెలియడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఏం చేశానా? స్కూళ్లు తెరిచే రోజులు, నూట ఇరవై కాలర్లు ముందేసుకుని ఉన్నాను. పక్కింటాయనతో తగువెందుకనుకున్నాను. మోటారు వేగం పెంచాను. అంతే. రెండేళ్లయింది.

ఇది అర్జీలో రాయలేదు. ఇప్పుడు రాసుకోండి. పెంపకం ఎవరిదని ప్రొఫెసరు గారు అడిగితే నా పేరూ చెప్పండి.

ఇవ్వకపోతే మానేయండి. అడిగే మొహం నాకూ లేదు. కానీ హోములో ఆ పిల్ల గోడకి చెవి ఆనించుకుని కూర్చుంటోందట, ఆయా చెప్పింది. ఎక్కడికి పంపినా సరే, నా పాత మిషన్ ఒకటి పక్క గదిలో పెట్టించండి. ముందుకి రెండు, వెనక్కి రెండు. కుట్టేవాళ్లకి గట్టిగా చెప్పండి. తేడా వస్తే కనిపెట్టేస్తుంది.