యాంటెన్నా కింద ఉన్నిబిళ్ళ

హలో… ఆ, నేనే, బురుల్‌నే. రిపేరు కొట్లో ఫోను నేను కాక ఇంకెవరు ఎత్తుతారు జుమాదిల్?

…ఎక్కడా? ఇంకా సూసామిర్ లోయలోనేనా? నిన్న సాయంత్రం కూడా అదే మాట చెప్పావుగా!

…ఓహో. రేడియో పోయిందా. పాపం.

…నవ్వట్లేదు. నేను నవ్వితే నీకు తెలీదూ? పళ్ళు నూరుతున్నాను, అదీ నీకు వినిపిస్తున్నది.

…తెలుసయ్యా. రేడియో లేకుండా కనుమ ఎక్కనని ఒట్టు వేయించుకున్నది నేనేగా. పైన ఫోను పలకదు. ఆ మంచులో ఎదురొచ్చే లారీ ముక్కు దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఎవరు దిగుతున్నారో ఎవరు ఎక్కుతున్నారో రేడియోలో అడుగుతూ పోవాల్సిందే. ఆ ఒట్టు గురించి కాదు నా బాధ.

…ఏమిటంటే, ఓష్‌లో పోలేదు ఆ రేడియో. టోక్తోగుల్ దగ్గర పోలేదు. సరిగ్గా శైర్‌గుల్ టీకొట్టు ముందుకొచ్చి పోయింది. దానికెంత తెలివో చూడు!

…అరవట్లేదు. కొట్లో జనం ఉన్నారు. ఇద్దరు డ్రైవర్లు సెట్లు పట్టుకుని నిలబడ్డారు, వాళ్ళ ముందు ఎందుకు అరుస్తాను? … ఒక్క నిమిషం… అన్నా, మీరు కాస్త బయట టీ తాగి రండి. మా ఇంటి గొడవ.

ఆ, చెప్పు. రేపు నీ కొడుకు కాళ్ళకి ఊలుతాడు కట్టి కోసే వేడుక. నడక వచ్చిందని వీధి వీధంతా చెప్పుకొచ్చింది మీ అమ్మ. గొర్రెని కూడా కోయించేశాం. తండ్రేడీ అని అడిగితే ఏం చెప్పను? టీ తాగుతున్నాడని చెప్పనా?

…సరే. నిజంగా పోయిందంటున్నావుగా. చూద్దాం. సీటు కింద పెట్టెలో వాట్‌మీటరు పెట్టి పంపాను. ఉందా?… తియ్యి. నీ మాట తర్వాత వింటాను, ముందు దాని మాట వింటాను.

…సెట్టు వెనక ఉన్న కేబులు విప్పు. చేత్తోనే తిరుగుతుంది, కటింగు ప్లేయరు వద్దు… మీటరుకి రెండు మూతులున్నాయా? ఒకటి సెట్టుకి, ఒకటి యాంటెన్నాకి. రాసే ఉంది చూడు. తిరగేసి బిగించావంటే ఇక్కణ్ణుంచే తంతాను.

…బిగించావా? ఇప్పుడు మీటరు మీది మీట పైకి వెయ్యి. అది బయటికి పోయే పవరు. మైకు బటన్ నొక్కు, మాట్లాడకు, సూది చూసి వెంటనే వదిలెయ్. ఎంత?

…పదా? ఐతే సెట్టు బంగారం. నేను సరిచేసిన సెట్టు అది, దానికేం కాదు. ఇప్పుడు మీట కిందికి. తిరిగొచ్చే పవరు. నొక్కి వదిలెయ్.

…ఎంతా?

…నాలుగా! పదిలో నాలుగు వెనక్కి తంతోందా! వదిలెయ్, వదిలెయ్, ఇంక నొక్కకు. ఆకాశంలోకి పోవాల్సింది తిరిగొచ్చి సెట్టు నెత్తిన కూర్చుంటోంది. మాడిపోతుంది. అందుకే నీ మాట ఎవరికీ అందట్లేదు.

…ఆ. సరే. నమ్మాను. నిజంగానే పోయింది.

…క్షమాపణా? దేనికి? రేడియో పోయిందని నమ్మాను. మిగతావి నమ్మానని అన్నానా?

…ఉండు, ఆలోచించనీ. బయలుదేరేముందు నేనే కొలిచాను. తిరిగొచ్చేది సూది కదిలితే ఒట్టు. ఐతే దారిలో ఏదో జరిగింది. కేబులు తలుపులో పడి నలిగిందా?… వేలితో తడుముతూ చూడు… లేదా? చివర జాయింటు వదులైందా?… గట్టిగానే ఉందా? ఐతే పైకెక్కు. క్యాబిన్ పైకి. యాంటెన్నా అడుగు చూడాలి.

…చలా? చలేస్తుందిలే. లోపల వేడి వేడి పాల టీ తాగినవాడికి ఆ మాత్రం చలి పర్లేదు.

…ఎక్కావా? అడుగు పట్టుకుని అటూ ఇటూ కదుపు… ఆ…

…ఏమిటీ? సూది ఐదుకి పోయిందా? మళ్ళీ మూడుకొచ్చిందా?

…ఆగు. ఆగాగు.

…జుమాదిల్. నువ్వు క్యాబిన్ పైన ఉన్నావు. మీటరు లోపలుంది. సూది ఎక్కడుందో నీకెలా తెలిసింది?

…నాకు వినపడుతోంది, గొంతు. గాలి కాదు. ఆడ గొంతు.

…బటన్ ఎవరు నొక్కుతున్నారు?

…నొక్కొద్దని చెప్పు! నీ చెయ్యి యాంటెన్నా మీదుండగా నొక్కితే చురుక్కుమని కాలుతుంది. నీకు బుద్ధి లేదు, ఆవిడకి తెలీదు. వదలమను!… కాలిందా?… కొంచెమా? మంచి పని జరిగింది.

…ఆహా. సాయం చేస్తోంది. ఎంత మంచి మనిషో. నా లారీలో, నా సీట్లో కూర్చుని, నా మీటరు చూస్తూ, నేను బిగించిన మైకు పట్టుకుని సాయం చేస్తోంది.

…వింటే విననీ. ఆవిడకి నా గురించి తెలీందేముంది? మీ అమ్మ చెవిపోగులు పట్టుకుని ముందు వెళ్ళింది ఎవరింటికి? ఆవిడ ఇంటికి కాదూ? ఆవిడ చెవికి తొడిగి, పెళ్ళి ఖాయం చేసుకుని, తర్వాత మాట తప్పి, అప్పుడుగా మా ఇంటి దారి పట్టారు. పాత సంగతంటావు. పాతదైతే మరి నాకెందుకిలా మండుతోంది?

…సరే. సరే, పని చూడు. యాంటెన్నా అడుగున అయస్కాంతం రేకుకి అంటుకునే ఉందా?

…లేదా? అంటే?

…ఏం బిళ్ళ?

…ఉన్నిబిళ్ళా? యాంటెన్నాకీ లారీకీ మధ్యనా? ఎంత మందం?… వేలంతా! ఓరి దేవుడా. ఎవరు పెట్టారక్కడ?

…రంగు గీసుకుపోతుందనా. పాపం, లారీ రంగు మీద ఎంత ప్రేమ. ఎవరిచ్చారు?

…జుమాదిల్, అడిగింది ఒక్కటే. ఎవరు?

…ఊఁ.

…ఎప్పుడు?… పోయిన వారం ఓష్ వెళ్తూ ఆగినప్పుడు. ఇచ్చిందా, పెట్టిందా?… ఆవిడే ఎక్కి పెట్టింది. దాని మీద ముగ్గేమిటి?

…గొర్రెకొమ్ములు. రెండు రంగుల్లో. చుట్టూ తెల్ల ఊలుదారంతో కుట్టి. తెలుసా నీకు, ఉన్ని తడిపి, తొక్కి, చుట్టి, కోసి, ఆ కొమ్ములు కుట్టేసరికి వేళ్ళు పుండ్లవుతాయి. ఊరికే కుట్టరు అలాంటిది ఎవరూ.

…అందరు డ్రైవర్లకీ ఇస్తుందా? ఎవరికిచ్చింది చెప్పు. ఇక్కడ ఈ కొట్లో రోజూ నేను చూసే లారీల మీద ఒక్కటీ లేదే! సమత్ అన్నకిచ్చిందా? ముసలి కెరిమ్‌కిచ్చిందా?… వాళ్ళకి రొట్టె. నీకు ఉన్నిబిళ్ళ.

…నువ్వు అడగలేదు. సరే. వద్దని కూడా అనలేదుగా.

…నిజం చెప్పాలా? ఆ గాడిద పని ఇంకెవరు చేసినా ఇంత కోపం రాకపోను. ఆ యాంటెన్నా నేను ఒక పూటంతా కూర్చుని సరిచేశాను జుమాదిల్. కడ్డీ ఇంత ఇంత అరగదీసి, కొలిచి, మళ్ళీ అరగదీసి. తిరిగొచ్చేది సున్నా చేశాను. నీకు పూలు కుట్టడం నాకు చేతకాదు. నాకు చేతనైంది అదే. దాని కింద ఆవిడ ఒక దిండు పెట్టి నా పనంతా మట్టిలో కలిపింది. నువ్వు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగావు!

…ఏడవట్లేదు. సోల్డరింగు పొగ.

…విను. అయస్కాంతం రేకుకి ఆనుకునే ఉండాలి. లారీ రేకంతా యాంటెన్నాకి నేల. మధ్యలో అంత మందం ఉన్ని పెడితే నేల తెగినట్టే. పొడిగా ఉన్నన్నాళ్ళూ ఎలాగో పలికింది, మంచుకి తడిసేసరికి చచ్చింది. తీసెయ్. చుట్టూ కట్టిన తాడు కూడా. ఆ తాడూ ఆవిడదేనా?… అడగను, అడగను. తీసెయ్.

…ఎక్కడ పెట్టాలంటే? ఎక్కడైనా పెట్టుకో. జేబులో పెట్టుకో. నా ఇంటికి మాత్రం తీసుకురాకు.

…రేకు మీద మంచు తుడిచెయ్. మధ్యలో పెట్టు. టప్పుమని అంటుకుందా?… ఆ, నాకూ వినపడింది. ఇప్పుడు చెయ్యి తీసెయ్. దూరంగా జరుగు.

…నొక్కమను.

…ఆవిడనే. ఇంకెవరున్నారక్కడ? మీట కిందికి ఉందా అని అడుగు. నొక్కి వదలమను. గట్టిగా చెప్పమను, నాకూ వినపడాలి.

…అరా? అర కూడా లేదా?

…చూశావా! చూశావా మరి! నేను చెప్పలా!

…చాలు. ఇంక పొగడకు. మీటరు పెట్టెలో పెట్టు, కేబులు సెట్టుకి బిగించు. బయలుదేరు. చీకటి పడకముందే కనుమ పైన సొరంగం దాటేస్తావు. రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటావు. మీ అమ్మ పళ్ళెం సర్దే ఉంచింది.

…ఆ, ముందు పైన దారి ఎలా ఉందో అడుగు. పదిహేనో చానెల్లో అడుగు. ఇప్పుడు పలుకుతారు. ఫోను అలాగే పట్టుకో, నా రేడియో ఎలా పలుకుతుందో వింటాను.

…పలికారా?… వినపడుతోంది. ఎంత శుభ్రంగా వస్తోందో, అబ్బ… ఎవరది? సమత్ అన్నేనా?

…ఏమన్నాడు?

…మళ్ళీ అడుగు.

…మంచుచరియ పడిందా? ఎక్కడ, సొరంగానికి ఇవతలా?… ఎవరికీ ఏం కాలేదుగా?… దేవుడి దయ. ఐతే దారి?

…రేపు మధ్యాహ్నందాకా మూసేశారా.

…ఏమంటున్నావు? పక్కనుంచి దూరిపోతావా? ఎవరు దూరారట? ఎవడో జీపువాడు దూరాడని లోడు లారీతో నువ్వు దూరతావా?

…వద్దు.

…నా కోసం వస్తావా? నేను ఇంత తిట్టాను కాబట్టి వస్తావా? జుమాదిల్, వద్దంటున్నాను. చరియ ఒకటి పడిందంటే ఇంకోటి పైన కూర్చునుంటుంది. ఒట్టు గుర్తుందా? రేడియో పలికింది, పలికి వద్దని చెప్పింది. దాని మాట వినాలి.

…పిల్లాడి తాడు ఎల్లుండి కోస్తాం. గొర్రెని పులుసు పెట్టేస్తాం. జనం నవ్వితే నవ్వనీ. వాడు నాన్న లేకుండా నడిస్తే చూడ్డానికి నాకు బాగోదు.

…లేదు, నేను మామూలుగానే ఉన్నాను. ఇంక మాట్లాడకు. ఫోను ఆవిడకియ్యి.

…ఇయ్యమన్నాను. కొట్టను. ఫోనులోంచి ఎలా కొడతాను?

…శైర్‌గుల్ అక్కా?… నేను, బురుల్‌ని… ఆ. బాగున్నాం. పిల్లాడు బాగున్నాడు… ఆ, నడుస్తున్నాడు… మీరు బాగున్నారా?… దారి మూసేశారట, విన్నారుగా.

…అక్కా, అతన్ని పోనివ్వకండి. ఇప్పుడు ఊఁ అంటాడు. అరగంట పోయాక ఇంకో లారీ కదిలిందంటే తనూ కదులుతాడు. నాకు తెలుసు అతని సంగతి. మీకూ తెలుసనుకోండి.

…ఆ. లోపల పడుకోబెట్టండి. క్యాబిన్‌లో వద్దు, గడ్డకట్టుకుపోతాడు. పొయ్యి పక్కన పక్క వెయ్యండి… వేడిగా షోర్పో చారు ఇవ్వండి. మిరియాలు ఎక్కువైతే పడవు… తెలుసా. సరే. తెలిసే ఉంటుంది.

…ఇంకో మాట. లారీ తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. రేపు నేను ఫోన్ చేసి, దారి తెరిచారని నేను చెప్పాకే ఇవ్వండి. అడిగినా ఇవ్వకండి, బతిమాలినా ఇవ్వకండి… ఆ, మీ దగ్గరే. నేనే చెబుతున్నాను.

…ఏమిటక్కా?… తెలీక పెట్టారని నాకు తెలుసు. రంగు పోతుందనే పెట్టారు… ఊఁ. చాలా బాగా కుట్టారట.

…లేదు, పర్లేదు. ఉంటాను. నాకు ఫోను పెట్టెయ్యాలని లేదు, మీరే పెట్టెయ్యండి.

…హలో? … హలో?

…అప్పుడే పెట్టేసింది. అంత తొందరేమిటో ఆవిడకి!