చిలకపిల్లని ఇవ్వను

పంజరం ఒళ్లో పెట్టుకుని కూతురు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తండ్రి చేతిలో బండి తాళాలున్నాయి.

"లేమ్మా. ఇల్లంతా ఈకలే. దానికేదో రోగం. కొట్టువాడు మార్చి ఇంకో చిలకనిస్తాడు."

"మరి దీన్నేం చేస్తాడు?"

"అది మనకెందుకు?"

"చెప్పు నాన్నా, ఏం చేస్తాడు?"

తండ్రి తాళాలు వేలికి తిప్పుతూ వీధిలోకి చూశాడు.

"రోగం కాదు. పిల్లప్పటి ఈకలు రాలుతున్నాయంతే. పశువుల డాక్టరుగారే చెప్పారు. ఇదిగో, మెడ దగ్గర కొత్తవి ముళ్లలా పొడుచుకొస్తున్నాయి. నాకు పాలపళ్లు ఊడితే నన్నూ మార్చేశావా?"

తండ్రి వంగి, పరీక్షగా చూశాడు. తాళాలు జేబులో వేసుకున్నాడు.

"సరే, పంజరం ఇటివ్వు."

"చస్తే ఇవ్వను!"

"నీళ్లు మార్చడానికే తల్లీ!"

"అయితే నీళ్లు ఇక్కడికే పట్రా."