తోడల్లుడి రంపం కంటే పెద్దది

భూషణాచారి అని వడ్రంగం ఆయన ఒకడున్నాడు. పని బాగానే వచ్చు గానీ కుళ్ళు ఎక్కువ. ఆ కుళ్ళంతా తోడల్లుడు కాళాచారి మీదే. ఇద్దరూ అక్కచెల్లెళ్ళను చేసుకున్నారు, ఇద్దరిదీ ఒకటే ఊరు, ఒకటే పని. ఏమైందంటే, వాళ్ళ అత్త అచ్చమ్మ పాతిల్లు బాగు చేయించుకుంటా, కిటికీల చుట్టూ గుమ్మం చుట్టూ టేకు పట్టీలు కొట్టించాలనుకుంది. అల్లుళ్ళకి చెరో కిటికీ ఇచ్చి, ఎవరి మూలలు బాగా కలిస్తే వాళ్ళే వీధిగుమ్మం చెయ్యండి, చేసినవాడికి పదిమందిలో కొత్త పంచె పెడతా అంది. ఇక చూసుకో. కాళాచారికి అప్పటికే మూలలు ఏటవాలుగా కోసే కరెంటు రంపం ఉంది. అది తలుచుకుని భూషణాచారికి అన్నం సయించలేదంట.

తెల్లారి ఒంగోలు పోయాడు. కొట్టాయన "ఎంత వెడల్పు చెక్క కోస్తావయ్యా" అంటే, "మా తోడల్లుడిది పదంగుళాల బ్లేడు" అన్నాడంట. "నేనడిగింది చెక్క సంగతి." "దానికంటే పెద్దదియ్యి." "పట్టీలకి అదే ఎక్కువ. పెద్దది మోయలేవు." "మోసేది నేను గదా, నువ్వియ్యి." సరే, పన్నెండంగుళాలది ఇచ్చాడనుకో. ఇచ్చి, రంపం తల కిందికి నొక్కి పిన్ను బిగించి, ఇట్లాగే పెట్టెలో తీసుకుపో, దారిలో ఊగితే కోణం తప్పుద్ది అని చెప్పాడు. ఈయన వింటేనా? పెట్టెలో ఉంటే ఎవరికి కనపడుద్ది? ఊరి బయట ఆటో ఆపించి, పెట్టె విప్పి, పిన్ను లాగి, పడగెత్తిన పాములాగా సీటు మీద నిలబెట్టాడంట. మన రోడ్డు సంగతి మీకు నేను చెప్పాలా? ఆ గుంతల్లో, కాళాచారి ఇంటిముందు నుంచే పొమ్మన్నాడు. అరుగు మీద మరదలు బియ్యం ఏరుతా ఉంది. "బావా, అది పడేట్టుంది, పట్టుకో" అంది. "మీ ఆయన లేడా?" "పనికి పోయాడు." అయితే మళ్ళీ వస్తానని చెప్పి, సాయంత్రం మళ్ళీ అదే వీధిన తిప్పించాడు. ఈసారి కాళాచారి చూశాడు. "బాగుందన్నా" అని లోపలికి పోయాడంట. అంతే. ఆ మాట ఈయనకి చాల్లేదు.

ఇక కిటికీకి పట్టీలు కోశాడు. మూల కలిపితే తొండ దూరేంత సందు. మళ్ళీ కోశాడు, మళ్ళీ సందే. టేకు పొట్టిదవుతా ఉంది, సందు మాత్రం తగ్గట్లేదు. వాడి కళ్ళు పడ్డాయి దీనిమీద అని, రంపానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడంట. ఊరేగించింది తనే, దిష్టి పెట్టారని తిట్టేదీ తనే. కాళాచారి వచ్చి మూలమట్టం పెట్టి చూసి, "అన్నా, కుదుపులకి కోణం జరిగింది. బోల్టులు వదులు చేసి సర్దితే సరి" అన్నాడు. "నా మిషను ముట్టుకోబాక" అన్నాడు ఈయన. అని, రంపంపొట్టు జిగురులో కలిపి సందుల్లో కూరాడు. అచ్చమ్మ వచ్చి గోటితో గీరింది. పొట్టు రాలింది. "గుమ్మం చిన్నల్లుడు చేస్తాడు" అంది.

భూషణాచారి "చెయ్యనీ అత్తా. నా మిషను మీదే కొయ్యమను" అన్నాడంట. కాళాచారి బోల్టులు సర్ది కోశాడు. ఆ మూలల్లో వెంట్రుక దూరితే ఒట్టు. పంచె ఆయనకే పెట్టారు. ఈయన గుమ్మం పక్కనే నిలబడి, వచ్చినోళ్ళందరికీ "కోసింది నా మిషనే" అని చెప్పుకున్నాడు. అక్కడితో కుళ్ళు తీరిందనుకుంటున్నారా? వాళ్ళావిడే చెప్పింది, ఇంటికి రాగానే రంపం మీద గోనెపట్టా కప్పేశాడంట. ఏందయ్యా అంటే, "నా చేతిలో వంకర కోసి, వాడి చేతిలో తిన్నగా కోసింది. దాని మొహం నేను చూడను" అన్నాడంట. మనుషుల మీద కుళ్ళుకునేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు గానీ, ఇనుము మీద కుళ్ళుకున్నోణ్ణి నేను ఈయన్నొక్కణ్ణే చూశా.