లైటు మీద టేపు

షెడ్డులో వ్యాను బానెట్ తెరిచి ఉంది. మెకానిక్ తండ్రి చేతిలో మసిగుడ్డ, ఆ వ్యాను నడిపే కూతురి చేతిలో చిన్న నల్ల టేపు ముక్క.

“ఆయిల్ లైటు మీద టేపు ఎందుకు పీకావే?”

“అంచుల్లోంచి ఎర్రగా కనబడింది నాన్నా. అసలెందుకు వేశావు?”

“అప్పట్లో ఆ లైటు స్విచ్ పాడై ఊరికే వెలిగేది. చిరాకేసి అంటించా.”

“స్విచ్ మార్చి ఏడాదైంది. టేపు అలాగే వదిలేశావు!”

“అందుకని నడిరోడ్డు మీద ఇంజిన్ ఆపేసి, బండి లాగించుకొస్తావా? నలుగురూ నవ్వరూ? చూడు, ఆయిల్ నిండుగానే ఉంది.”

“కింద నిండుగా ఉంటే చాలా? పైకి ఎక్కొద్దూ? గేజీ పెట్టి ప్రెషర్ చూడు.”

“నాకే పాఠాలా! సరే, పెట్టా. స్టార్ట్ చెయ్యి.”

“చేశా. ముల్లు ఎంత చూపిస్తోంది? నాన్నా?”

“ఆపు, ఆపెయ్! ముల్లు లేవనే లేదు.”

ఆయిల్ చాంబర్ విప్పడానికి గంట పట్టింది.

“ఇంజిన్ పోయిందా నాన్నా?”

“లేదమ్మా. ఆయిల్ పైకి వెళ్ళే దారిలోని జల్లెడ నిండా మడ్డి పట్టింది, అంతే. బేరింగులు చెక్కుచెదరలేదు. ఇంకాస్త దూరం తోలుంటే మాత్రం ఇంజిన్ పట్టేసేది.”

“అయితే రేపు బండి నాకిస్తావా?”

“రేపేంటి, ఇక నీదే. ఆ టేపు మాత్రం పారెయ్యకు.”

“మళ్ళీ దేనికి?”

“నీ డ్రైవింగుకి వంక పెట్టినప్పుడల్లా నా నోటికి అంటించు.”